మేడమ్ చదివిన జబ్బు

మా మేడమ్ పోయారు. పొద్దున్నే ఆమె భర్త ఫోన్ చేసి, "అయిపోయింది బిడ్డా" అన్నారు. నేను ఏడవలేదు. ఆమె కోసం ఏడవడం కొన్నేళ్ల కిందటే మొదలై, ఎప్పుడో ఎండిపోయింది.

యూనివర్సిటీలో ఆమె నా రీసెర్చ్ గైడ్. మనిషి ఒక నిర్ణయానికి ఎలా వస్తాడు, పక్కవాడి బాధ అతనికెలా తెలుస్తుంది, ఆ పనంతా మెదడులో ఎక్కడ జరుగుతుంది, ఇదే ఆమె చదువు. ఇల్లు తార్నాకలో. క్యాంపస్‌కు నడిచే వచ్చేవారు. దారిలో ఏదైనా జంట పోట్లాడుకుంటుంటే చెట్టు కింద ఆగి, సిగ్గుపడకుండా వినేవారు. "నా ల్యాబ్ ఇదే" అనేవారు. చేతిరుమాళ్లు ఎప్పుడూ రెండు తెచ్చుకునేవారు. ఒకటి తనకు, ఒకటి తన గదిలో ఏడ్చేవాళ్లకు. ఏడ్చేవాళ్లు ఎక్కువే.

మాణికేశ్వర్ నగర్ నుంచి ఒకామె వచ్చేది. ఆటో నడిపే ఆమె భర్తకు ప్రమాదంలో నుదుటికి దెబ్బ తగిలింది. మాట, లెక్క, జ్ఞాపకం అన్నీ బాగానే ఉన్నాయి. కానీ రెండు చొక్కాలు ముందు పెడితే ఏది తొడుక్కోవాలో తేలక మధ్యాహ్నం దాకా అలాగే కూర్చునేవాడు.

"బిడ్డ జరమొచ్చి మూలుగుతుంటే చూసి ఊకున్నడు మేడమ్. మా మీద ప్రేమ లేదు, పాయిరం లేదు ఆయనకు" అని ఆమె ఏడ్చింది.

మేడమ్ రుమాలు ఇచ్చి పక్కన కూర్చున్నారు. "పాయిరం లేక కాదమ్మా. కాలు ఇరిగినోణ్ని ఉరుకుమంటమా? గట్లనే, లోపల ఒక జాగకు దెబ్బ తాకింది. ఆయన చెడ్డోడు కాలేదు."

ఆమె వెళ్లాక మాతో అన్నారు: "తెలివి ఒక్కటే నిర్ణయం చెయ్యదు. ఏదో ఒకటి కావాలని లోపల అనిపించాలె. ఆ అనిపించుడు పోతే మనిషికి అన్నీ తెలుస్తయి, ఏదీ పట్టదు." ఇంతకంటే బాగా ఆ పాఠం చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.

మెదడులో ఆ చోటే మేడమ్‌కూ చెడుతోందని మాకు మొదట తెలియలేదు. తోటి ప్రొఫెసర్ సంతాప సభలో, ఆయన భార్య మాట్లాడుతుండగా మేడమ్ పకపకా నవ్వారు. హాలంతా బిగుసుకుపోయింది. తర్వాత క్యాంటీన్‌లో ఎవరి ప్లేటులోదో వడ తీసుకుని తినేశారు. గదిలో ఏడుస్తున్న ఒక విద్యార్థినిని, "బయటికి పోయి ఏడువ్" అన్నారు. పొగరెక్కిందన్నారు కొందరు. చివరకు స్కాన్ తీస్తే, నుదుటి వెనక మెదడు కుంచించుకుపోతోందని తేలింది. స్కాన్ ఫిల్ములు ఆమే ట్యూబ్‌లైటుకు ఎత్తిపట్టి చూశారు. "దీనికి మందు లేదు" అని డాక్టర్ కంటే ముందే చెప్పి, "ఆకలైతుంది, పోదాం పాండ్రి" అని లేచారు. భయం పుట్టాల్సిన చోటే చెడితే ఇక భయం ఎక్కడినుంచి వస్తుంది? ఆ భయమంతా ఆమె భర్త పడ్డారు.

మేడమ్ చెల్లెలు వాళ్లింటికి రావడం మానేసింది. నలుగురిలో తన కొడుకును మేడమ్ వెక్కిరించారని కోపం. "అది జబ్బు" అని నేనెంత చెప్పినా వినలేదు. "జబ్బైతే నన్ను గుర్తు పట్టొద్దు గదా? పేరు పెట్టి మరీ తిట్టింది" అంది. ఈ జబ్బు మొదట తినేది జ్ఞాపకాన్ని కాదని వివరించాను. వివరిస్తే తగ్గే నొప్పి కాదది.

నాకూ తగ్గలేదు. మా నాన్న పోయాక ఒకసారి తార్నాక వెళ్లి, "మేడమ్, నాన్న పోయారు" అన్నాను.

"పోతే పోయిండు. జరుగు, టీవీ కనిపిస్తలేదు" అన్నారు.

ఆ జబ్బు గురించి నేను క్లాసులు చెబుతాను. ఏ భాగం ఎలా చెడుతుందో బోర్డు మీద బొమ్మ గీస్తాను. అయినా ఆ మాట విన్నాక అక్కడ ఉండలేక మెట్లు దిగాను.

ఆమె భర్త, మేం సార్ అని పిలిచే ఆయన, నా వెనకే గేటు దాకా వచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చేతి మీద ఆమె కొరికిన గాట్లు. "బిడ్డా, నువ్వు ఆమె దగ్గర చదువుకున్నవు. నిజం చెప్పు. నా మీద పాయిరం లోపల ఏడనన్న ఉంటదా? దాసిపెట్టినట్టు?"

మేడమ్ అయితే ఆయన పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పేవారు. నేను "తెలియదు సార్" అన్నాను. నిజంగానే తెలియదు. ఆయన తలూపి, "సరే, గోలీ యాల్లయింది" అని ఆమెకు మందు వెయ్యడానికి పైకి వెళ్లిపోయారు.

అంబర్‌పేట శ్మశానానికి వచ్చినవాళ్లం చాలా తక్కువ. చెల్లెలు రాలేదు. ఆమె దగ్గర చదివి పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో దండాలు పెట్టారు. అంతా అయ్యాక సార్‌ని ఆటో ఎక్కించాను. ఆయన సీటు చివరన, దిగే వైపున, కడ్డీ పట్టుకుని కూర్చున్నారు. జబ్బు ముదిరాక మేడమ్ నడుస్తున్న ఆటోలోంచి దిగిపోబోయేవారు. అందుకని ఆమెను లోపలికి కూర్చోబెట్టి, తను ఇలా చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఇంకెవలన్న ఎక్కాల్నా సార్?" అని డ్రైవర్ అడిగాడు.

"లేదు. పోనియ్యి" అన్నారు.

కానీ లోపలికి జరగలేదు. ఆటో ఎండలోకి కదిలింది. సీటంతా ఖాళీగా ఉన్నా ఆయన అంచునే ఒదిగి, ద్వారానికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయారు.