లిల్లీ గారి మొహం

నిన్న మధ్యాహ్నం ఒక క్రీము డబ్బా మూత తీయగానే గులాబీ సెంటు గుప్పుమంది. నాకు ఒళ్ళు మండింది. డబ్బా మీద ‘చైనా మూలికల రహస్యం’ అని బంగారు రంగులో రాసి ఉంది. మూలికల వాసన నాకు తెలుసు. కాగుతున్న అతిమధురం దగ్గర నిలబడితే తడిసిన పుల్లలూ పాత బెల్లమూ కలిసిన వాసన వస్తుంది. నానిన చామంతుల నీళ్ళు కాస్త చేదు వాసన వేస్తాయి. గులాబీ సెంటు ఏ వేరులోంచీ రాదు. ఆ డబ్బా తెచ్చింది మా పార్లరుకు వచ్చే పద్మ గారి కూతురు హారిక. ఇంటర్ చదువుతోంది. తెల్లబడాలని రాసుకుందట, రెండు బుగ్గలూ ఎర్రగా పొక్కిపోయాయి. డబ్బా మీద ఒక చైనా ముసలావిడ ఫొటో, నవ్వుతూ. దాన్ని చూడగానే లిల్లీ గారు గుర్తొచ్చారు.

లిల్లీ గారు కలకత్తాలో పుట్టిన చైనా మనిషి. పళ్ళు కట్టే భర్తతో రాజమండ్రి వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండి పార్లరు నడిపారు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఆవిడ దగ్గర పనిలో చేరాను. మా వీధిలో పుట్టినవాళ్ళ కంటే శుభ్రమైన తెలుగు మాట్లాడేవారు. ఆవిడకి ఒక పట్టుదల ఉండేది. ఏ లేపనమైనా మొదటి రోజు చెవి వెనక మాత్రమే రాసేవారు. మర్నాడు ఆ చోటు చూశాకే మొహం ముట్టుకునేవారు. తెల్లారితే పెళ్ళన్నా సరే, వినేవారు కాదు. ఈ పట్టుదల వల్ల ఎంతమంది విసుక్కుని వెళ్ళిపోయారో!

ఒకసారి సామర్లకోట నుంచి ఒకావిడ కూతురిని తీసుకొచ్చింది.

“చైనా మందు రాస్తారటగా అండీ, మా పిల్లను కాస్త తెల్లగా చెయ్యండి.”

“తెల్లగా చెయ్యడానికి పిల్లేమన్నా గోడాండీ, సున్నం వెయ్యడానికి?” అన్నారు లిల్లీ గారు. “ఎండకి కందిన చోట చల్లగా ఉంటుంది. అంతే.”

ఆ తల్లి లేపనం గిన్నెలోకి తొంగి చూసింది. “ఇవి మన కడియం తోటల చామంతులు కాదూ?”

“అవునండి. మా అమ్మమ్మ కూడా చామంతులే నానబెట్టేది, పెసరపిండే కలిపేది. మీ అమ్మమ్మ గారూ పెసరపిండి రాసే ఉంటారు.”

“ఈ మాత్రం దానికి రైలెక్కి రావాలేంటి!” అని ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. డబ్బా మీద నాలుగు చైనా అక్షరాలుంటే కళ్ళకద్దుకుని రాయించుకునేదండీ అని నేను రుసరుసలాడాను. లిల్లీ గారు నవ్వారు. “వాళ్ళకి నా మొహమే డబ్బాలా కనిపిస్తుందమ్మా.”

ఆ మొహం కోసమే ఒక క్రీముల ఏజెంటు వచ్చాడు. “మీరేం చెయ్యక్కర్లేదు మేడమ్, ఒక్క ఫొటో ఇవ్వండి చాలు.”

“ఇందులో ఏం కలిపారండి?”

“హెర్బల్ మేడమ్. చైనా హెర్బల్.”

“ఆకా, వేరా, పువ్వా?”

“అన్నీ మేడమ్.”

“పేరు తెలియనిది నా మొహానికే రాసుకోను. దాని మీద నా మొహం వేయించుకుంటానా అండీ?” అని డబ్బా అతని చేతిలో పెట్టి పంపేశారు.

కొన్నాళ్ళకి ఫ్యాన్సీ షాపుల నిండా అదే క్రీము వచ్చింది, ఎవరో చైనా స్త్రీ బొమ్మతో. ఆ బొమ్మలో ఉన్నది లిల్లీ గారేనని ఊరు తీర్మానించేసింది. ఎవరైనా వచ్చి అడిగారా? ఎందుకడుగుతారు! ఒక సాయంత్రం ఒక తల్లి, మొహం కాలినట్టయిన కూతురిని ఈడ్చుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినేలా అరిచింది. “నా పిల్ల మొహం తగలెట్టావు కదే! మీ దేశం పో!” నిన్నటి దాకా లిల్లీ గారూ, లిల్లీ గారూ అన్న నోళ్ళే చుట్టూ చేరి వంత పాడాయి.

“అది నాది కాదండి. నేను పుట్టింది కలకత్తాలోనండి,” అని ఆవిడ ఒక్కసారే అన్నారు. తర్వాత ఆ పిల్లని కూర్చోబెట్టి, బుగ్గల మీద చల్లటి తడిగుడ్డ వేసి, రిక్షాలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తల్లి వెనకే వచ్చింది, నేనూ వెళ్ళాను. “మూలికల సంగతేమో గానీ, ఇందులో స్టెరాయిడ్ ఉన్నట్టుంది. ఎవరు తయారు చేశారో డబ్బా మీద రాసి కూడా లేదు,” అన్నారాయన. తల్లి విన్నది, తల దించుకుంది. అరవడమేమో వీధిలో, నిజం తెలియడమేమో నాలుగు గోడల మధ్య!

“ఆ మాట వీధిలోకొచ్చి చెప్పమనండి,” అని దారంతా నేను ఉడికిపోయాను. షాపుకి చేరాక లిల్లీ గారు, “రేపటికి అతిమధురం నానబెట్టావా?” అని అడిగారు. రేపు రావడానికి మనుషులెవరు మిగిలారు? చూస్తుండగానే పార్లరు ఖాళీ అయింది. ఆవిడ తాళం వేసి కలకత్తా వెళ్ళిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం తగ్గదు. తగ్గాలని కూడా లేదు.

నిన్న హారికను చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను, నా దగ్గర ఏమీ రాయనన్నాను. “హెర్బల్ కదా ఆంటీ?” అంది.

“ఆకా, వేరా, పువ్వా?”

పిల్ల డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు ఒక్కటీ లేదు. నా దగ్గరికొచ్చేవాళ్ళందరికీ ఈ కథ తెలుసు కాబట్టి, ఫొటో మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది. “ఈవిడేనా మీ లిల్లీ గారు?”

“కాదు,” అన్నాను. ఈవిడెవరో నాకు తెలియదు. లిల్లీ గారిని కనీసం అడగడానికి ఒకడు వచ్చాడు. ఈ నవ్వుతున్న పెద్దావిడను ఎవరైనా అడిగారన్న నమ్మకం నాకు లేదు.