సరోజమ్మ వెనక గోవిందమ్మ

ఆళ్లగడ్డలో కంప్యూటరు నేర్చుకుని నంద్యాలలో ఓ విత్తనాల కంపెనీలో చేరిన లూదియాకు కోపం ముక్కు మీద ఉండేది. ‘కంప్యూటరు తప్పు చెప్పదు’ అనే మాట వింటే మరీను. దాని చేత తప్పులు చెప్పించే మనుషుల్ని ఆమె రోజూ చూస్తూనే ఉంది. ప్రోగ్రాములు రాసే తానూ వాళ్లలో ఒకతె.

2002లో మిడుతూరు నుంచి గోవిందమ్మ వచ్చింది. కంపెనీ కోసం ఎకరం చేలో విత్తన పత్తి పండించే మనిషి. మొలక పరీక్షలో ఆమె విత్తనం తప్పిందని వరుసగా రెండో ఏడు చెప్పారు. రెండేళ్లు తప్పితే ఆ చేనికి మళ్లీ విత్తనమివ్వరు.

“ఇంటికాడ తడి గోనెలో ఏసి చూసినా పాపా. అన్నీ మొలిచినాయి. ఈడికొచ్చేసరికి ఏమైతాండాయో,” అంది.

లూదియా డేటాబేసు తెరిచింది. గోవిందమ్మ వరుసలో మొలక శాతం భేషుగ్గా ఉంది. పాసా, ఫెయిలా అన్న గడి మాత్రం ఖాళీ. ఖాళీ గడిని ఫెయిలుగానే లెక్కేసేది ప్రోగ్రాము. మూటలు దించిన క్రమంలోనే వరుసలు ఎక్కేవి.

“నీకంటే ముందు మూటలు ఎవరు దించినారక్కా?”

“సరోజమ్మత్త. ఇద్దరిదీ ఒకటే ట్రాక్టరు. పెద్దామె దించినాకే నేను.”

సరోజమ్మకు చాలా చేలు. వాగు పక్క చేని విత్తనం ఆఖరున దించేది. అది పోయినేడూ ఈ ఏడూ చెమ్మకు చెడి ఫెయిలయింది.

లూదియాకు విషయం అర్థమైంది. వరుసల మీద వేలు పెట్టి చదివినట్టు కర్సర్ ఒక్కొక్కటే చదివి పాసో ఫెయిలో రాస్తూ పోతుంది. ఫెయిలైన వరుసను ప్రోగ్రాము అక్కడికక్కడే తీసేస్తుంది. తీయగానే కర్సర్ తనంతట తాను కింది వరుస మీదికి జరుగుతోంది. అది తెలియని ప్రోగ్రాము ‘ఇక తర్వాతిది’ అంటోంది. మధ్యనున్న గోవిందమ్మను ఎవరూ చదవడం లేదు.

మేనేజరు వెంకటేశ్వర్లు తేలిగ్గా తేల్చేశాడు. “ఈ ఏటికి చేత్తో పాసు కొట్టెయ్. వచ్చే ఏడు ఆమెనే ముందు దించమను, సరిపాయె.”

“అత్త నిలబడుంటే నేను ముందు పోయేదెట్ల సార్?” అంది గోవిందమ్మ.

లూదియాకు ఒళ్లు మండింది. మర్యాద చేసినందుకు చేను పోగొట్టుకోవాలా? ఈమె ముందుకు జరిగితే ఇంకొకరు ఆ వెనక చిక్కుకోరా?

ముందు, వరుస తీసేశాక ప్రోగ్రాము కర్సర్‌ను మళ్లీ కదపకుండా చేసి చూసింది. పట్టికలో ఆఖరి వరుస ఫెయిలైనప్పుడు, జరగడానికి కింద ఇంకో వరుస లేక ప్రోగ్రాము బిగుసుకుపోయింది. తిట్టుకుంటూ మొత్తం మార్చింది. కర్సర్ చివరిదాకా చదవాలి, ఫెయిలైన వాటికి గుర్తు మాత్రమే పెట్టాలి, చదవడం అయ్యాకే అన్నిటినీ ఒకేసారి తీసేయాలి. మళ్లీ నడిపితే గోవిందమ్మ పాసయింది. ఆమెతో పాటు పగిడ్యాల, కొత్తపల్లె రైతులు కొందరు పాసయ్యారు. వాళ్లెవరూ వచ్చి అడిగినవాళ్లు కాదు. నోరు మూసుకుని ఒప్పుకున్నవాళ్లు.  అందరికీ కబురు పంపించే దాకా లూదియా మేనేజరును కూర్చోనివ్వలేదు.

మరుసటి ఏడు ట్రాక్టరు వచ్చింది. లూదియా బయటికొచ్చింది.

“ఏమక్కా, మళ్లా వెనకేనా?”

“ఇంకేం భయం పాపా,” అని గోవిందమ్మ సరోజమ్మ మూటకు చెయ్యి వేసింది, ముందు దాన్నే దించడానికి.