చేప గుర్తు వేసిన పలకలు

రంగూన్‌లో మా పత్రికకు నేను రోజూ రాసి ఇచ్చేది ఓడల పట్టీ. ఏ ఓడ వచ్చింది, ఏది ఎక్కడికి పోతోంది, ఏం సరుకు ఎత్తుకుంది, అంతే. పొద్దున్నే సేక్కాన్ రేవుకు వెళ్ళి, గుమాస్తాలతో టీ తాగి, ఆ నాలుగు ముక్కలూ రాసుకుని ఆఫీసుకు వచ్చేవాణ్ణి. 1920ల నడిమి సంవత్సరాలవి. ఏళ్ళ తరబడి ఓడల పేర్లు రాశాక, పోగుపడ్డ సెలవంతా ఒక్కసారే తీసుకుని వాటిలో ఒకటి ఎక్కుదామనుకున్నాను. టేకూ బియ్యమూ వేసుకుని ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని బ్రిస్బేన్‌కు పోయే సరుకుల ఓడలో ప్రయాణికులకు నాలుగు గదులుండేవి. ఒకటి నాకు దొరికింది.

"పని మీదా?" అని అడగనివాడు లేడు. కాదు, ఊరికే చూసి రావడానికి అంటే నవ్వేవాళ్ళు. మావాళ్ళలో సముద్రం దాటినవాళ్ళంతా పనికోసం దాటినవాళ్ళే.

నమ్మింది మా మేనమామ ఒక్కడే. ఆయన చిమిండైంగ్‌లో ఒక కోత మిల్లులో పలకల పరీక్షదారు. దుంగలు రంపం కింద పలకలై వచ్చాక, ఒక్కొక్కదాన్నీ చింతకొయ్య సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, మంచిదైతే వెనక మొహం మీద చిన్న చేప బొమ్మ ఉలితో గీస్తాడు. చేప ఉన్న పలక ఓడెక్కుతుంది, లేనిది ఊళ్ళోనే పెట్టెలకీ మంచాలకీ పోతుంది. చేప ఎందుకంటే, ఆయన తండ్రి భీమిలి దగ్గర వలలు వేసినవాడు. మిల్లులో బర్మావాళ్ళు ఆయన్ని సయా అనేవాళ్ళు, అంటే పంతులుగారు.

ప్రయాణానికి పదిరోజుల ముందు కబురు పెడితే వెళ్ళాను. మా అత్త బర్మా మనిషి. తెలుగు మా మామ దగ్గరే నేర్చుకుంది కాబట్టి యాసంతా ఆయనదే. పాలు కలపని టీ కప్పు చేతికిచ్చి, "మీ మావకి రెండేళ్ళ నించీ కడుపులో ఒక ముల్లుంది అల్లుడూ. ఈయేల తీయించుకుంటాడంట" అంది.

"నువ్వూరుకోవే" అని మామ సుత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఒరే, ఆ బిస్బేను ఊర్లో ఏరు మీంచి సముద్రానికి షికారుకెల్లే పెద్ద పడవొకటి కొత్తగా కట్టారంట. దాని పైతట్టుకి, జనం నడిచే నేలకి, మన పలకలే. గుమాస్తా సెప్పాడు. నువ్వెల్లి అయ్యి తట్టి రావాల."

"ఎందుకు మావా?"

అత్తే చెప్పింది. రెండేళ్ళ క్రితం అమ్మవారి పండగనాడు మిల్లువాళ్ళకి సెలవు దొరకలేదు. మిల్లు కూలీల ఇళ్ళ లైన్లకి పెద్ద ఈయనే. అందుకని ఘటాలనీ డప్పులనీ మిల్లు గేటు ముందు ఆగి వాయించమని ఈయనే చెప్పాడు, పనిలో ఉన్నవాళ్ళు కూడా అమ్మవారిని చూసుకుంటారని. సరిగ్గా ఆ గంటలోనే ఆ షికారు పడవకి పోవలసిన పద్దెనిమిది పలకలు పరీక్షకొచ్చాయి. ఏట్లో పోటు తగ్గుతోంది, సరుకు పడవవాడు తొందరపెడుతున్నాడు.

"తట్టేను" అన్నాడు మామ, ఈసారి తనే. "డప్పు తప్ప ఏటీ ఇనబళ్ళేదు. అమ్మోరి డప్పు ఆపమనడానికి నోరు రాలేదు. పడవోడ్ని ఉండమనడానికీ రాలేదు. పద్దెనిమిదింటికీ సేప గీసీసినాను."

"ఏం కాదు మావా, టేకు కదా."

"టేకుకి డొల్ల రాదేటి? లోపల పురుగు తొలిస్తే పైకి పెళ్ళికూతుర్లా ఉంటాది. షికారు పడవంటే పిల్లలు గెంతుతారు. కాలు దిగిపోతే?"

ఆ పదిరోజులూ సాయంత్రం ఆఫీసు కాగానే చిమిండైంగ్ వెళ్ళి పలకలు వినడం నేర్చుకున్నాను. మంచి పలక తట్టిన తరవాత కూడా కొంచెంసేపు పలుకుతుంది. డొల్లది వెంటనే నోరు మూసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. మొదటి రోజుల్లో నేను మంచివాటిని చెడ్డవనీ చెడ్డవాటిని మంచివనీ అన్నాను. "పేపరోడివి, నీకు రాయడం తప్ప ఇనడం ఎక్కడొస్తాది!" అని మామ తిట్టాడు. ఆఖరి రోజు పదింటికి తొమ్మిది సరిగ్గా చెప్పాను. ఆ పదోదాని సంగతే నాకు భయం.

బ్రిస్బేన్ రేవులో అధికారి నా కాగితాలు రెండుసార్లు చదివాడు. పనిచేయకూడదు, గడువు లోపల తిరిగి పోవాలి అని వాటిమీద రాసే ఉంది. "ఎందుకొచ్చావు?" అన్నాడు. సెలవు గడపడానికి అన్నాను. పక్క బల్ల దగ్గరున్న అతన్ని పిలిచి, ఆ మాట అతనికి కూడా వినిపించమన్నాడు. మళ్ళీ చెప్పాను. సుత్తి చూసి ఇదేమిటన్నాడు. మా మామది, చెక్క తట్టడానికి అన్నాను. పని చేయకూడదు సుమా అని ఇంకోసారి గుర్తుచేసి ముద్ర కొట్టాడు.

ఊరు నాకు కొత్తగా అనిపించలేదు. పెద్ద నది మెలికలు తిరుగుతూ ఊరి మధ్యలోంచి పోతుంది. ఇళ్ళన్నీ కర్రవే. మా చిమిండైంగ్ ఇళ్ళలాగే గుంజల మీద నిలబడి, కింద గాలి ఆడుతూ, పైన రేకు కప్పుతో ఉంటాయి. వానపడితే అదే చప్పుడు. వీధుల్లో ట్రాములు, కొండ మలుపుల్లో నీలి పూలు రాల్చే చెట్లు. నది ఒడ్డున తోటలో సాయంత్రం కాగానే గబ్బిలాలు లేచి, కాకుల కంటే పెద్దవి, వరసగా నది దాటిపోయేవి. నేను తిరిగి తిరిగి, పడవల రేవు దగ్గర ఒక బెంచీ మీద కూర్చుని బొప్పాయి ముక్కలు తింటూ వాటిని చూసేవాణ్ణి.

వచ్చిన వారానికి రైల్లో కొండలకు వెళ్ళాను. అడవి దారిలో బస దిగిన ఇంటామె, "జలగలు పట్టుకుంటే ఉప్పు రుద్దు" అని ఒక పొట్లం ఇచ్చింది. లోపల పగటిపూటే చీకటిగా ఉంది. ఒక పెద్ద చెట్టును జువ్వి జాతి తీగ చుట్టూ అల్లుకుని, లోపలి చెట్టు ఎప్పుడో చనిపోయి కుళ్ళిపోగా, తాను మాత్రం చెట్టు ఆకారంలో నిలబడి ఉంది. అలవాటు కొద్దీ సుత్తితో తట్టాను. డొల్ల. మామ వింటే ఎలా చూస్తాడో తలుచుకుని నవ్వుకున్నాను.

అక్కడ చూసినదాని కంటే విన్నదే ఎక్కువ. ఒక పక్షి కొరడా ఝళిపించినట్టు అరుస్తుంది. వెంటనే దాని జత రెండు చిన్న కూతలతో బదులిస్తుంది, రెండూ కలిసి ఒక్క పక్షే అనుకుంటాం. ఇంకొకటి పసిపిల్ల ఏడ్చినట్టే ఏడుస్తుంది. తెల్లవారకముందే చెట్టు కొమ్మ మీద బొద్దు ముక్కు పిట్టలు నాలుగు చేరి, పేకాటలో గెలిచినవాళ్ళలా పగలబడి నవ్వేవి. నల్లకోడి లాంటి పక్షి ఒకటి ఆకులన్నీ కాళ్ళతో వెనక్కి గీరి దిబ్బ పోసుకుంటోంది. దాన్ని గంటసేపు చూశాను. అది నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. అడవి అంచున గడ్డిలో కంగారూలు మేస్తూ, మనిషి అలికిడికి చెవులు మాత్రం ఇటు తిప్పేవి. చెట్టు చీలికలో కూర్చున్న బూడిదరంగు కోలా నిద్రలోంచి ఒక కన్ను తెరిచి, నేను అంత ముఖ్యం కాదని తేల్చుకుని మూసేసింది.

ఇలా తిరుగుతున్నా పలకల పని నా మీద ఉంది. ఒక శనివారం షికారు పడవ ఎక్కాను. టిక్కెట్లు ఇచ్చే అతన్ని అడిగితే పైతట్టు బర్మా టేకని తనే గొప్పగా చెప్పాడు. పడవ నిండా కుటుంబాలు, బుట్టలు. మామ చెప్పినట్టే పిల్లలు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతున్నారు. నేను వంగి, జోడు సర్దుకుంటున్నట్టు నటిస్తూ పలకలు తట్టాను. కింద ఇంజను దడదడలాడుతోంది. పలక మాట నా చెవికి రానేలేదు. నా పక్క టోపీ పెద్దావిడ, "ఏమైనా పడిపోయిందా?" అంది. అవునన్నాను. పాపం ఆమె కూడా వంగి వెతికింది.

నది మడ అడవుల మధ్య నుంచి వెడల్పై సముద్రంలో కలిసింది. దిగిన ఊళ్ళో ఇసక తెల్లగా, కాళ్ళ కింద కిర్రుమంటూ ఉంది. ఒడ్డు పొడుగునా మొగలిపొదలు. గూడబాతులు చేపలవాళ్ళ చుట్టూ మూగి చేపతలల కోసం నోళ్ళు తెరుచుకుని నిలుచున్నాయి. నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి ఆలోచించాను. తట్టానని చెప్పవచ్చు, అది అబద్ధం కాదు. బాగున్నాయని చెప్పవచ్చు, పడవ తిరుగుతూనే ఉంది కదా. తరవాత తోచింది, మామ చేసింది కూడా ఇదే. చప్పుడులో తట్టి, విన్నట్టు గుర్తు పెట్టాడు.

బ్రిస్బేన్‌లో మ్యూజియం, కొండ మీద నుంచి కనిపించే ఊరు, నది మీది వంతెన, ఇవన్నీ సోమవారానికి దాచుకున్నాను. ఆ సోమవారం పడవకు సెలవట. మిగతావన్నీ మానుకుని రేవుకు వెళ్ళాను. తట్టు కడుగుతున్న నడివయసు పడవ మనిషికి ఉన్నదున్నట్టు చెప్పాను. మా మామ, డప్పులు, పద్దెనిమిది పలకలు. అతను చీపురు మీద గడ్డం ఆనించి అంతా విన్నాడు.

"ఆ దూరం నుంచి ఇది తట్టడానికి వచ్చావా?"

"సెలవుకొచ్చాను. ఇది కూడా ఉంది."

లాంతరు తీసుకుని నన్ను తట్టు కిందకు తీసుకెళ్ళాడు. వంగి నడవాలి. ఇంజను ఆగిపోయి, నీళ్ళు పడవకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. లాంతరు పైకెత్తితే పలక చివర చేప కనిపించింది. తట్టాను. పలికింది. తరవాతది పలికింది. ఒక్కొక్కటీ తడుతూ పడవ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళాను. పదిహేడు చేపలు, పదిహేడూ పలికాయి. పద్దెనిమిదోది లేదు. దాని చోట వేరే రంగు చెక్క ఉంది.

"అదా? మా ముసలాయన్నే అడుగు" అని అతను ఒడ్డున పడవల షెడ్డులోంచి వడ్రంగిని పిలుచుకొచ్చాడు. పడవ తట్టు వేసింది ఆయనే. నా సుత్తి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"నేను వేలి కణుపుతో కొడతాను" అన్నాడు. "వేసే ముందు అన్నీ కొట్టాను. ఒకటి మాట్లాడలేదు. అడుగు పొడవున డొల్ల. పక్కన పెట్టేశాను. మిగతా పదిహేడూ మంచి చెక్క, అది ఆయనకు చెప్పు."

"ఆ ఒక్కటీ ఏం చేశారు?"

"చెడ్డ ముక్క కోసేసి మిగతాదానితో బెంచీ చేశాను. అదిగో."

నేను రోజూ బొప్పాయి తిన్న బెంచీయే. మోకాళ్ళ మీద కూర్చుని కింద చూస్తే మూలన చేప ఉంది. 

రంగూన్‌లో దిగిన రోజే చిమిండైంగ్ వెళ్ళాను. ఓడలో నేను కూర్చుకున్న మాటలేవీ పనికి రాలేదు. పదిహేడు పలికాయి, ఒకటి డొల్ల, అక్కడి వడ్రంగి పట్టుకుని, చెడ్డ ముక్క కోసేసి మిగతాదానితో బెంచీ చేశాడు అని చెప్పేశాను. మామ నా చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదన్న నెమ్మదీ, తన చేప అబద్ధమాడిందన్న సిగ్గూ రెండూ ఆయన మొహంలో ఉన్నాయి.

"ఆయనకి వయసెంతుంటాది?"

"నీ ఈడే."

"సెవులు బాగున్నాయన్నమాట." సుత్తి తిప్పి చూసుకుంటూ, "ఆ బెంచీ మీద కూకున్నావా?"

"రోజూ."

"కదిలిందేటి?"

"లేదు."

"మిగిలిందైనా మంచి సెక్కే మరి" అన్నాడు. అత్త లోపల్నుంచి, "ముల్లు ఊడిందా, అన్నం పెట్టమంటారా?" అని కేకేసింది.

తరవాతి అమ్మవారి పండగకు నేనూ వెళ్ళాను. ఘటాలు మిల్లు గేటు దగ్గరకు వచ్చి, డప్పులు అందుకోబోతుంటే మామ సుత్తి చేత్తోనే బయటికి వచ్చాడు. ముందు అమ్మవారికి దండం పెట్టాడు. తరవాత డప్పులవాళ్ళ వైపు తిరిగాడు.

"నాయనా, ఏడు పలకలున్నాయి. అయ్యేదాకా ఆపండి."

"అమ్మోరికి కోపమొస్తాది పెద్దయ్యా!" అన్నాడొకడు.

"రానీ. నేను సెప్పుకుంటాను."

డప్పులవాళ్ళు డప్పులు కిందపెట్టి బీడీలు ముట్టించారు. ఘటాలెత్తిన ఆడవాళ్ళు గేటు నీడలోకి జరిగారు. లోపల్నుంచి మామ తడుతున్న చప్పుడు ఒక్కొక్కటిగా వినిపించింది. తట్టినప్పుడల్లా కొంచెం ఆగి, మళ్ళీ తట్టాడు. ఆరు అయ్యాయి. ఏడోది రెండుసార్లు తట్టి, చేప గీయకుండానే దాన్ని గోడకు ఆనించి బయటికి వచ్చి, "ఇంక కానియ్యండి" అన్నాడు.