చిల్లు రొట్టె చప్పుడు

రొట్టెను కాల్చే ముందు నీళ్లలో ఉడకబెట్టాలంటే నేను నమ్మలేదు. కుడుములు ఉడకబెడతాం, రొట్టె కాలుస్తాం. ఒకే పిండికి రెండు పనులూ చేసేవాళ్లు ఉంటారా అనిపించింది. అందుకే మొదటిసారి బేగల్స్ అనే చిల్లు రొట్టెలు చేసినప్పుడు ఆ పని ఎగ్గొట్టి, పిండి చుట్టలను నేరుగా ఎయిర్ ఫ్రయ్యర్‌లో పెట్టాను. బేకరీ బన్నుల్లాంటివి బయటికి వచ్చాయి. నా భార్య ఒకదాన్ని వేలితో నొక్కి చూసి పక్కన పెట్టింది.

"మెత్తగున్నది. గిది అది కాదు," అంది.

అది ఏమిటో, ఎందుకో చెప్పాలి. వానాకాలంలో మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాది వచ్చినట్టే పోయింది. ఆమెది పోతూ పోతూ ఆమె ముక్కును పనిచేయకుండా చేసి పోయింది. ఏ వాసనా తెలియదు. కొన్నాళ్లు ఆమెకే ఆ సంగతి సరిగ్గా అర్థం కాలేదు. పోపు మాడేది, పాలు అడుగంటేవి. నేనేమో కంచం ముందు కూర్చుని, "నీకు ధ్యాస ఫోన్ మీద ఎక్కువైంది," అన్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు అన్నాను. మాటకు మాట జవాబు చెప్పే మనిషి, ఆ రోజుల్లో ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో నేను ఆలోచించలేదు.

తర్వాత తినడం తగ్గించింది. అన్నం కాగితం నమిలినట్టుందనేది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బిడ్డ గడపలో నిలబడే అడిగింది: "బాపూ, అమ్మ గాజులు మోచేతి దాక పోతున్నయ్. నువ్వు సూస్తలేవా?" నేను రోజూ అదే ఇంట్లో, అదే మనిషి ఎదురుగా కూర్చుని తింటున్నాను. చూడలేదు.

బిడ్డే హైదరాబాద్‌లో దవాఖానకు తీసుకుపోయింది. వాసన మెల్లగా తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ లవంగాలు, నిమ్మతొక్క వాసన చూస్తుండండి అన్నాడు డాక్టరు. బయటికి వచ్చాక కాఫీ కోసం ఒక హోటల్లో కూర్చున్నాం. అక్కడ బిడ్డ బేగల్ ఒకటి తెప్పించింది. మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి రొట్టె, అడ్డంగా రెండు ముక్కలు చేసి అంచులు కరకరలాడేలా కాల్చినది. నా భార్య అనుమానంగా ఒక చివర కొరికింది. నమిలింది. ఇంకా నమిలింది. మేం మాటల్లో ఉండగానే మొత్తం తినేసింది.

"గిది నోటికి పని చెప్తాంది," అంది.

చాలా రోజుల తర్వాత ఆమె ఒక కంచం ఖాళీ చేయడం చూశాను. తిరుగు రైల్లో కాజీపేట వచ్చేదాకా ఫోన్‌లో బేగల్స్ చేసే వీడియోలే చూశాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. ఎయిర్ ఫ్రయ్యర్ ఉంది. నూనె తగ్గించమని డాక్టరు నాకు చెప్పినప్పుడు తెచ్చాను. అందులో మిరపకాయ బజ్జీలు వేద్దామని చూస్తే పిండంతా జాలీ చిల్లుల్లోంచి కారిపోయి, మిరపకాయలు ఒంటరిగా మిగిలాయి. ఆ రోజు నుంచి అది వంటింటి కిటికీ పక్కన గుడ్డ కప్పుకుని ఉంది. నేను మొదలుపెట్టి వదిలేసిన వాటిలో అదీ ఒకటి.

రెండోసారి బుద్ధిగా నీళ్లు మరిగించాను. రంగు కోసం అందులో చిన్న బెల్లం ముక్క వేయాలట, వేశాను. పొంగిన పిండి ముద్దలకు నడుమ వేలు పెట్టి చిల్లు చేసి వదిలాను. నీళ్లలో వేయగానే అవి ఉబ్బి చిల్లులు మూసుకుపోయాయి.

"కుడుములు చేస్తానవా?" అంది నా భార్య వెనక నుంచి.

మిగిలిన పిండిలోంచి కొంచెం తీసుకుని, రెండు అరచేతుల మధ్య తాడులా సాగదీసి, వేళ్ల చుట్టూ తిప్పి, తడి వేలితో కొసలు అతికించింది. సకినాలు చుట్టిన చేయి అది. "చిల్లు పెద్దగ ఉండాలె. ఉబ్బినంక కూడ కనవడాలె," అంది.

ఆమె చుట్టిన చిల్లు రొట్టె నీళ్లలో మునగలేదు, తేలింది. తిప్పి ఇంకాసేపు ఉంచాను. పైన సన్నటి పొర మెరుస్తూ బిగుసుకుంది. ఉడకబెట్టడం ఎందుకో అప్పుడు అర్థమైంది. పై పొర ముందే గట్టిపడితే లోపలి పిండి కాలేటప్పుడు ఎక్కువ పొంగదు. పొంగలేనిది పంటి కింద సాగుతుంది. బన్నుకీ దీనికీ తేడా అంతా ఆ మరిగే నీళ్లలోనే ఉంది. ఇంత చిన్న పని ఇంత మార్పు ఎలా తెస్తుందో అని, గిన్నె మీద వంగి చాలాసేపు చూశాను.

బెల్లం నీళ్ల ఆవిరి ముఖానికి తగిలింది. వెంటనే ఆమెను అడిగాను. "వాసన వస్తాందా?"

"లేదు."

ఈస్ట్ పొంగినప్పుడు అడిగాను. కాలుతున్నప్పుడు అడిగాను. నువ్వులు వేయించి ముక్కు దగ్గర పెట్టి మరీ అడిగాను. ప్రతిసారీ లేదు అనేది. అది ప్రేమ అనుకున్నాను. నాకు జవాబు కావాలి, అంతే. ఆమె కోసం మొదలుపెట్టిన పని, నా సరదా తీర్చుకునే పని అయిందని నాకు తెలియలేదు.

అయినా ఆమె తింటోంది. పూర్తిగా కాదు, సగం. ఆ సగం చూసి నాకు గర్వం వచ్చింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నీళ్లలోంచి తీసిన తడి చుట్టలకు నువ్వులు అద్ది ఫ్రయ్యర్‌లో పెట్టాను. గేటు దగ్గర నాతో రోజూ నడకకు వచ్చే మిత్రుడు పిలిచాడు. ఆమె కింద చాప మీద, ఫ్రయ్యర్ వైపు వీపు పెట్టి కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. "జర వాసన చూస్తుండు. మాడుతాందనిపిస్తే బంద్ చెయ్," అని చెప్పి వెళ్లాను.

"ఏందన్నా, నడకకు వస్తనే లేవు?" అన్నాడు మిత్రుడు.

"పొద్దున వంట నాదే ఇప్పుడు."

"అయ్యో, వదినె అసలే తింటలేదంటివి. నీ వంటతోని ఇంకింత తిప్పలు పెడ్తానవా?"

నేను ఊరుకోలేదు. ఎలా చుట్టాలో, ఎందుకు ఉడకబెట్టాలో, ఆమె కోసం నేను ఎంత కష్టపడుతున్నానో గేటు పట్టుకుని వివరంగా చెప్పాను. నిజానికి చుట్టేది ఆమె. ఆ మాట చెప్పలేదు.

పై అంతస్తు బాల్కనీలోంచి పక్కింటావిడ అరిచింది. "అన్నా! మీ ఇంట్లకెల్లి మాడువాసన వస్తాంది!"

పరుగెత్తాను. ఫ్రయ్యర్ వెనక నుంచి పొగ వచ్చి నేరుగా కిటికీలోంచి బయటికి పోతోంది. లోపలి ఫ్యాను గాలికి నువ్వులు ఎగిరి పైనున్న కాయిల్‌కు అంటుకుని మాడుతున్నాయి. నా భార్య అలాగే కూర్చుని ఆకు తెంపుతోంది. నా ముఖం చూసి భయపడింది.

"ఏమైంది?"

"మాడింది. నీకు వాసన..." అని ఆగిపోయాను.

ఆమె ఫ్రయ్యర్ వైపు తిరిగి పొగను చూసింది. నన్ను చూసింది.

"నన్ను వాసన చూడుమని పోయినవా?"

"మరిచిపోయిన."

"నువ్వు మరిచిపోతవు. నాకు మరిచిపోవుడు అయితలేదు." ఒళ్లో ఆకు పళ్లెంలోకి దులిపింది. "రేపు గ్యాస్ లీకైనా గిట్లనే ఆకు తెంపుకుంట కూసుంట. ఇంట్ల ఒక్కదాన్ని ఉన్నప్పుడల్ల గదే ఫికర్. నీకు చెప్పాలె, చెప్తే మళ్ల ధ్యాస లేదంటవు." లేచి నిలబడింది. "ఇగ గా రొట్టెలు చెయ్యకు. నేను తిన."

ఆ రోజు మజ్జిగ మాత్రమే తాగింది.

సాయంత్రం బజారుకు పోయి గ్యాస్ లీకైతే మోగే అలారం తెచ్చి సిలిండర్ పక్కన గోడకు పెట్టాను. ఆమె వచ్చి, సిగరెట్ లైటర్‌లోని గ్యాస్ దాని ముందు వదిలి, అది చెవులు పగిలేలా మోగేదాకా నిలబడి చూసింది. గ్యాస్ రెగ్యులేటర్‌ను మాటిమాటికీ వంగి చూసుకోవడం ఆ తర్వాత తగ్గింది. అలా వంగి చూసుకునేదని కూడా నేను గమనించింది అప్పుడే.

మర్నాడు పొద్దున ఆమె ఇంకా లేవకముందు, ముందటి రోజుల్లో మిగిలిన ఒక బేగల్‌ను కోసి కాల్చాను. బట్టలు ఆరేసే క్లిప్పు తెచ్చి ముక్కుకు పెట్టుకున్నాను. తిన్నాను. లోపలి మెత్తటి భాగం తడి దూది. వెన్న రాస్తే జారడం తప్ప ఏమీ తెలియలేదు. కాలిన అంచు మాత్రం ఉంది. అది విరిగిన చప్పుడు తల లోపల వినిపించింది. దవడ పని చేస్తోంది, నాలుక మీద ఉప్పు తెలుస్తోంది. మిగతాదంతా ఎవరో తుడిచేసినట్టుంది. ఇంకో ముక్క తిన్నాను. ఇంకా తినాలనిపించలేదు. ఆమె ఇన్నాళ్లుగా ఇలా తింటోంది.

"గదేం ఏషం?" తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నీ లెక్క తింటే ఎట్లుంటదో సూస్తాన," అన్నాను. ముక్కు మూసుకుపోయి గొంతు ఎవరిదోలా వచ్చింది. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక అంది: "క్లిప్పు తీస్తే నీకు మళ్ల వస్తది."

క్లిప్పు తీసి అడిగాను. "నీకు ఏం తెలుస్తాంది మరి?"

వాసన వస్తాందా అని ఎన్నిసార్లు అడిగానో, ఈ మాట ఒక్కసారీ అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. కారం మంట తెలుస్తుందట. పులుపు పళ్లకు తెలుస్తుందట. వేడీ చల్లనా తెలుస్తాయట. పప్పన్నం లాంటి మెత్తటివైతే ఎప్పుడు మింగాలో నోటికి తెలియదట, వికారంగా ఉంటుందట. గట్టివైతే ధైర్యంగా ఉంటుందట. "నువ్వు వస్తాందా, వస్తాందా అంటే, పరీక్ష ఫెయిలైన పిల్ల లెక్క అయితది నా పని," అంది.

తర్వాత ఆమే లేచి డబ్బాలోంచి మైదా తీసింది.

ఆ రోజు పిండి ఆమె కలిపింది, చుట్టలు ఆమె చుట్టింది, ఉడకబెట్టడం నాది. నువ్వులు వద్దంది. గల్లుప్పు దంచి పైన చల్లింది. పై రంగు చూసి అయిపోయిందని నేను ఫ్రయ్యర్ ఆపాను. ఆమె ఒకదాన్ని గుడ్డతో పట్టుకుని, తిరగేసి, చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో అడుగున కొట్టింది.

"కాలలే. లోపల పచ్చిగున్నది."

"నీకెట్ల తెలుసు?"

"ఎండకాలం కుండ కొనేటప్పుడు ఏం జేస్తం? కొట్టి సూడమా? సరిగ కాలని కుండ మొద్దుగ పలుకుతది."

వేడి తగ్గించి మళ్లీ లోపల పెట్టించింది. రెండోసారి కొట్టి నా చెవి దగ్గరికి తెచ్చింది. "ఇగో, ఇప్పుడు పలికింది." నేనూ కొట్టి చూశాను. డొల్లగా, పొడిగా మోగింది. నాకు ముక్కు ఉండి తెలియనిది ఆమెకు చెవితో తెలిసింది. ఒక్కొక్కదాన్నీ తీసి కొట్టి వింటూ ఉంటే, మట్టికుండల అంగడి ముందు నిలబడ్డట్టుంది.

చల్లారాక అడ్డంగా కోసి, కోసిన వైపు పైకి పెట్టి మళ్లీ కాల్చాం. అంచులు గట్టిపడ్డాక దాని మీద ఆమె చింతకాయ తొక్కు పూసింది, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ పెట్టింది. కొరికింది. అది విరిగిన చప్పుడు పొయ్యి ఇవతల నిలబడ్డ నాకు వినిపించింది. పులుపుకు ఒక కన్ను మూసుకుంది. సగం అయిపోయింది. నేను కంచం వైపు చూడకుండా ఫ్రయ్యర్ జాలీ తుడుస్తున్నాను. రెండో సగం ఆమే తీసుకుంది.

"రేపటికి పిండి నువ్వు పిసుకుతవా, నన్నే పిసుకుమంటవా?" అంది నోట్లో ముక్కతోనే.

"నేను పిసుకుత. చుట్టుడు నీది."

తొక్కు వాసన వంటిల్లంతా కమ్ముకుంది. వస్తాందా అని అడగబోయాను, నోటిదాకా వచ్చింది. నా ముక్క తీసుకుని పెద్దగా కొరికి, నోరు మూసుకున్నాను.