నీళ్ల చప్పుడు చాటున

ఆ వీధిలో అందరూ ఆమెను పార్లరక్క అనే పిలుస్తారు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. మొదట్లో చిన్నబుచ్చుకునేది, తర్వాత అలవాటైపోయింది.

ఇంటి ముందుగదినే బ్యూటీ పార్లరుగా మార్చుకుంది. రెండు కుర్చీలు, గోడ పొడవునా ఒకటే అద్దం, మూలన తల వెనక్కి వాల్చి కడిగే బేసిన్. బేసిన్‌కీ కుర్చీలకీ మధ్య పూల తెర. ఆ మూలనున్న తలుపు తీస్తే వంటిల్లు, వంటింట్లోంచి వెనక సందు. కస్టమర్లకు టీ కావాలంటే తలుపు దగ్గర నిలబడి "అత్తయ్యా" అని ఓ కేక వేస్తే చాలు. అత్తగారు టీతో పాటు ఒకటో రెండో చురకలు కూడా తెచ్చేది. "పోయినసారికంటే ఒళ్లు చేశావేంటమ్మా" అని కొత్తవాళ్లను కూడా వదిలేది కాదు. ఆ నోటికి జడిసే కొందరు రావడం మానేశారని పార్లరక్క అనుమానం.

ఆమె చెయ్యి మెత్తన. కనుబొమలకు దారం పట్టినా కళ్లలో నీళ్లు రానివ్వదని పేరు. మాట మాత్రం తక్కువ. అద్దంలో ఎదుటివాళ్ల మొహం చూస్తూ, ఊ కొడుతూ పని చేసుకుపోయేది. ఎన్ని కాపురాల గుట్లు విన్నదో ఆమెకే తెలియదు. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసేది కాదు కాబట్టి అందరూ ఆమె దగ్గర మనసు విప్పేవాళ్లు.

అలాంటి పాత కస్టమర్లలో ఒకావిడ మేడమ్. పెద్ద రోడ్డు అవతల అపార్టుమెంట్లలో నాలుగో అంతస్తు. కలుపుగోలు మనిషి. పార్లరక్క కూతురు పరీక్షలు ఎలా రాసిందో గుర్తుపెట్టుకుని అడిగేది. తన స్నేహితురాళ్లందరినీ ఇక్కడికే పంపేది. ఒక ఎండాకాలం ఆమె ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. సన్నగా, ఎత్తుగా ఉంది. ఇరవై దాటి ఉంటాయేమో. నడుము కిందికి దిగిన జడ.

"ఏజెంటుకి చెప్పి వేరే దేశం నుంచి తెప్పించుకున్నా, ఇంట్లో పనికి" అంది మేడమ్. తెప్పించుకున్నా అన్న మాట పార్లరక్క చెవిలో కాస్త గుచ్చుకుంది, ఫ్రిజ్ గురించి చెప్పినట్టు. అయినా పట్టించుకోలేదు.

"దీనికి పొట్టిగా కత్తిరించెయ్. మగపిల్లాడికి చేసినట్టు. వంటలో వెంట్రుకలు పడుతున్నాయి."

"ముడి వేసుకుంటే సరిపోదా మేడమ్? ఇంత మంచి జుట్టు."

"నువ్వు కత్తిరించు."

కత్తిరించింది. ఆ పిల్ల అద్దంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ తర్వాత జుట్టు చెవులు దాటిందంటే చాలు, మేడమ్ ఆమెను తీసుకొచ్చేది. పార్లరక్క ఒక సంగతి గమనించింది. తల బేసిన్‌లో ఆనించగానే ఆ పిల్ల నిద్రపోయేది. కళ్లు మూసుకోవడం కాదు, నోరు తెరుచుకుని, ఒళ్లు మరిచిన నిద్ర. చేతులు చూస్తే బట్టల సబ్బుకి, ఫినాయిలుకి పగిలి ఉన్నాయి. పాపం పడుకోనీ అనుకుని, ఒకే తలకు రెండుసార్లు షాంపూ పెట్టేది. తాను చేయగలిగిన సాయం అదేననుకుంది.

ఒకరోజు తెర అవతల మేడమ్ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. పార్లరక్క నీళ్లు వదిలి తల తడుపుతోంది. ఆ పిల్ల కళ్లు తెరిచింది.

"అక్కా, ఈ ఊరి పేరేంటి?"

సరిగా వినలేదేమో అనుకుంది పార్లరక్క. వంగింది. ఆ పిల్ల మళ్లీ అదే అడిగింది. మాట ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, ఒక్కో ముక్కా ఏరుకుని పేర్చుతున్నట్టు ఉంది.

పార్లరక్క పేరు చెప్పింది. ఆ పిల్ల పెదవులు కదిపి, లోలోపలే ఒకటికి రెండుసార్లు అనుకుంది.

"ఎన్నాళ్లైంది నువ్వొచ్చి?"

"ఇది రెండో చలికాలం."

"బయటికి పంపరా?"

"ఇక్కడికే."

"మీ ఇంటికి ఫోను?"

"మేడమ్ పక్కన కూచుంటుంది. బాగున్నా అని చెప్పాలి. ఇప్పుడు అదీ లేదు."

"ఇంకా ఎంతసేపు?" తెర అవతల నుంచి మేడమ్ అడిగింది.

"షాంపూ పోవట్లేదు మేడమ్" అంది పార్లరక్క. కస్టమరుతో అబద్ధమాడటం ఆమెకు అదే మొదలు. కుళాయి ఇంకాస్త పెద్దది చేసింది. కానీ అప్పటికే ఆ పిల్ల కళ్లు మూసేసుకుంది.

సాయంత్రం అన్నాలు తింటున్నప్పుడు ఈ మాట బయటపెట్టింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. విని, కలిపిన ముద్ద అలాగే చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఆ ఫ్లాటు నాకు తెలుసు. తలుపుకి బయట గడియ ఉంటుంది. లోపల కుక్క ఉందేమోలే అనుకున్నా" అన్నాడు.



"రేపే పోలీసులకి చెప్తాను" అంది పార్లరక్క.

"చెప్పు. వాళ్లు వెళ్తారు. ఆ పిల్ల భయపడి, నాకేం ఇబ్బంది లేదంటుంది. వాళ్లు తిరిగొచ్చేస్తారు. ఆ తర్వాత లోపల ఏం జరుగుతుందో నీకు తెలుసా? మనకెందుకొచ్చిన గొడవ."

అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, "ఆ పిల్ల నిన్నేం అడిగింది?" అంది.

"ఊరి పేరు."

"చెప్పావుగా. ఇంకేం కావాలో కూడా దాన్నే అడుగు. అడక్కుండా మనమే లాక్కొచ్చేశామనుకో, ఆవిడకీ మనకీ తేడా ఏముంది? అక్కడా దాన్నెవరూ అడగట్లేదు, ఇక్కడా అడగం."

పార్లరక్క ఆమె మొహంలోకి చూసింది. పెళ్లైన కొత్తలోనే భర్త పోతే, అత్తగారు నలుగురి ఇళ్లలో పనిచేసి కొడుకును పెంచింది. ఆ రోజుల గురించి ఎప్పుడూ నోరు విప్పేది కాదు. మర్నాడు పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర ఒక మందుల షాపు పైన ఉన్న ఆఫీసుకు తీసుకెళ్లింది. ఇళ్లలో పనిచేసేవాళ్ల సంఘం అది. దిక్కులేనివాళ్లు తలదాచుకోవడానికి వెనక రెండు గదులు కూడా ఉన్నాయి. సంఘం నడిపే ఆవిడ అంతా విని, "పని మానేసి వెళ్లిపోవడం నేరం కాదు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండి ఉంటుంది, అలా దాచుకోవడం నేరం. ఆమె తనంతట తాను గడప దాటితే మిగతాది నేను చూసుకుంటాను" అంది.

మళ్లీ వాళ్లు వచ్చేదాకా పార్లరక్కకు మనసు మనసులో లేదు. రోడ్డు దాటినప్పుడల్లా నాలుగో అంతస్తు వైపు తలెత్తి చూసేది. తీరా వాళ్లు వచ్చి, తల బేసిన్‌లో పెట్టి, నీళ్లు వదిలాక, చెప్పాల్సిందంతా గబగబా చెప్పి, "నీకేం కావాలి?" అని అడిగింది.



"ఆలోచించుకుంటా" అంది ఆ పిల్ల.

పార్లరక్క చెయ్యి ఆగిపోయింది. "ఇంకా ఆలోచించడానికేముంది?"

"ముసలమ్మ ఉంది. మేడమ్ వాళ్ల అత్తగారు. మంచం దిగలేదు. నేను పక్కకి తిప్పకపోతే ఒంటికి పుళ్లు పడతాయి." కొంచెం ఆగి, "పారిపోతే దొంగ అని పట్టిస్తానంది మేడమ్" అంది.

ఆ రోజంతా పార్లరక్కకు కోపం దిగలేదు. ఎవరి మీదో చెప్పలేకపోయింది. "తలుపు తీసి పట్టుకుంటే ఆలోచించుకుంటానంటుందా?" అని గొణిగింది.

"దానికీ బుర్ర ఉంటుందమ్మాయ్. దాని భయాలు దానివి, దాని జాలి దానిది. తోసెయ్యకు" అంది అత్తగారు.

మళ్లీసారి వచ్చినప్పుడు ఆ పిల్ల చిటికెనవేలికి గుడ్డ చుట్టి ఉంది. వేలు వాచి, ఒక పక్కకు ఒరిగిపోయింది. "తలుపులో పడింది" అని, ఎవరూ అడక్కుండానే మేడమ్ చెప్పింది.

బేసిన్ దగ్గర పార్లరక్క ఏమీ అడగలేదు. ఆ పిల్లే అంది, ఒక్క మాట. "ఇవాళ."

పార్లరక్క చేతులు తుడుచుకుని తెర ఇవతలికి వచ్చింది. "మేడమ్, పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు బాగా కనపడుతున్నాయి. ఎలాగూ వచ్చారు, డై వేసేస్తాను. అది పట్టేలోపు ఫేస్ ప్యాక్ కూడా అయిపోతుంది."

మేడమ్ అద్దంలో పాపిట చూసుకుని ఒప్పుకుంది. "నువ్వక్కడే స్టూలు మీద కూచో" అని ఆ పిల్లకు చెప్పి వెనక్కి వాలింది. పార్లరక్క తలంతా డై పూసి ప్లాస్టిక్ టోపీ తొడిగింది. మొహానికి మందంగా ప్యాక్ రాసి, కళ్ల మీద తడి దూది పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి, "అత్తయ్యా" అని పిలిచి, పక్క కుర్చీ దగ్గర డ్రయర్ ఆన్ చేసింది. గదంతా ఆ హోరే.

అత్తగారు వచ్చింది. చేతిలో టీ లేదు, నోటి చివర చురకా లేదు. తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల లేచి గడప దాకా వెళ్లి ఆగిపోయింది. తెర సందులోంచి మేడమ్ వైపు చూసింది, తన వేలి వైపు చూసుకుంది. అత్తగారు చెయ్యి పట్టుకుని లాగలేదు, రమ్మని సైగ కూడా చెయ్యలేదు. అలాగే నిలబడింది. కాసేపటికి ఆ పిల్ల గడప దాటింది. ఇద్దరూ వెనక సందులోకి నడిచి వెళ్లిపోయారు.

పార్లరక్క డ్రయర్ కట్టేసింది.

"మంచినీళ్లు తీసుకురావే" అంది మేడమ్. ఎవరూ పలకలేదు. దూది తీసి చూసింది. "అదేదీ?"

"వెళ్లిపోయింది మేడమ్."

"ఎక్కడికి?"

"తను వెళ్లాలనుకున్న చోటికి."

మేడమ్ ఒక్క ఉదుటున లేచి వీధి తలుపు తీసింది. బయట జనం వస్తూ పోతూ ఉన్నారు. తల మీద టోపీ, మెడ మీదికి కారుతున్న నల్లరంగు, సగం ఆరి బీటలు వారిన మొహం. అడుగు బయటపెట్టలేక తలుపు మూసేసింది. ఫోను తీసింది గానీ డై అంటుతుందని చెవికి ఆనించలేకపోయింది. "నువ్వే చేశావు" అంది.

"తలుపు తీశామంతే. తనే వెళ్లింది."

"దానికేం తక్కువ చేశాను? నేను తిన్నదే పెట్టానుగా." ఫోను కుర్చీలో పడేసింది. "మా అత్తగారిని ఇప్పుడెవరు చూస్తారు?"

 "డై ఎక్కువసేపుంటే తల మండుతుంది మేడమ్. రండి, కడుగుతాను" అంది పార్లరక్క.

మేడమ్ వచ్చి బేసిన్ దగ్గర కూర్చుంది. వేరే దారి లేదు మరి. పార్లరక్క నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద చూసుకుని, చెవుల్లో పడకుండా అరచెయ్యి అడ్డుపెట్టి, నెమ్మదిగా కడిగింది.  "నా చెయ్యి ఎక్కడ మొరటుగా పడుతుందోనని భయపడి చచ్చాను" అని తర్వాత భర్తతో చెప్పుకుంది.

మేడమ్ అన్నంత పనీ చేసింది. గొలుసు పోయిందని కేసు పెట్టింది. పార్లరక్కను స్టేషనుకు పిలిచారు. సంఘం ఆవిడ పక్కనే కూర్చుంది. ఆ పిల్ల భాష వచ్చిన మనిషిని ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. ఆ పిల్ల తన భాషలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే పార్లరక్క ఆశ్చర్యపోయింది. ముక్కలు ముక్కలుగా మాట్లాడిన మనిషేనా ఈమె? గడియ సంగతి ఎవరు చెబుతారన్నప్పుడు, మనకెందుకన్న భర్తే లేచి చెప్పాడు. ఆ తర్వాత ఆ అపార్టుమెంటు వాళ్లు లిఫ్టు పనికి అతన్ని పిలవడం మానేశారు. మేడమ్ స్నేహితురాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. రెండో కుర్చీ చాలాకాలం ఖాళీగా ఉంది. "నాకేగా మంచిది" అని అత్తగారు మధ్యాహ్నాలు అందులో కూర్చుని కునుకు తీసేది.

చివరికి రాజీ అయింది. మేడమ్ పాస్‌పోర్టు ఇచ్చేసి, ఆగిన జీతం కట్టి, దొంగతనం కేసు వెనక్కి తీసుకుంది. ఆమె మీద వేరే కేసు లేకుండా పోయింది. ఆ మాట విని పార్లరక్క ఉండబట్టలేక సంఘం ఆఫీసుకు వెళ్లింది. ఆ పిల్ల వెనకగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. వేలు అతుక్కుంది గానీ వంకర అలాగే ఉంది.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు? ఇంత చేసిన మనిషికి ఏ శిక్షా లేదా?"

"కేసు నడిస్తే నేనిక్కడే ఉండాలంట. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. నాకు ఇంటికెళ్లాలని ఉంది అక్కా."

"రేపు ఇంకో పిల్లని తెప్పించుకుంటుంది."

ఆ పిల్ల కత్తి పక్కన పెట్టింది. "అది నిజమే. కానీ అది కూడా నేనే మొయ్యాలా?" అంది. కోపంగా కాదు, తెలియకే అడిగినట్టు.

పార్లరక్క పక్కన కూర్చుని తానూ ఒక కత్తి తీసుకుంది. ముసలమ్మను పగలూ రాత్రీ చూసుకోవడానికి నర్సులను పెట్టారని భర్త విన్న కబురు చెప్పింది. ఆ పిల్ల మొహం తేటపడింది. "ఎడమ వైపు ఎక్కువసేపు పడుకోబెట్టొద్దని చెప్పాలి. ఎవరన్నా చెప్తారా?" అంది. ఆ వారంలోనే తన దేశం వెళ్లిపోయింది.

రాజీ సరైనదేనని పార్లరక్క ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ పిల్ల తప్పు చేసిందనీ అనదు. పార్లరుకు సెలవున్న రోజు సంఘం వాళ్లతో కలిసి అపార్టుమెంట్ల గేట్ల దగ్గరికి వెళుతుంది. చెత్త పారేయడానికో, పిల్లల్ని బస్సెక్కించడానికో కిందికి దిగే పనివాళ్లను పలకరిస్తుంది. పార్లరులో నోరు మెదపని మనిషి, అక్కడ తానే ముందు మాట కలుపుతుంది. ఎక్కడినుంచి వచ్చావమ్మా, ఇంటికి ఫోను చేసుకుంటున్నావా అని అడుగుతుంది. కొందరు నిలబడి చెబుతారు. కొందరు పైఅంతస్తుల వైపు ఒకసారి చూసి తల దించుకుంటారు. అలాంటివాళ్ల వెంట ఆమె పడదు. పక్కకు జరిగి దారి ఇస్తుంది. మళ్లీ వారం అదే గేటు దగ్గర నిలబడుతుంది.