ఆరో వారం పాఠం

ఆ ఆస్పత్రిలో టీచరమ్మ అంటే ఎవరని అడిగేవాళ్ళు లేరు. ఉన్నది ఆవిడొక్కతే మరి. కింది అంతస్తులో మందుల స్టోరు పక్కనున్న గదిలో, పనివాళ్ళకు మూడు నెలల ఇంగ్లీషు క్లాసు చెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే బల్ల, చెయ్యి ఆనిస్తే ఊగే అదే బోర్డు. లిఫ్టు నడిపేవాళ్ళు, తుడిచేవాళ్ళు, వంటగదివాళ్ళు, బట్టలుతికేవాళ్ళు ఆవిడ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని పై పోస్టులకు వెళ్ళేవారు.

కొత్త టీచర్లు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూసి వెళ్ళేవారు. వాళ్ళకు ఆవిడ పెద్ద ఉపన్యాసాలేం ఇచ్చేది కాదు. "ప్రశ్న వేసి, గుక్క తిప్పుకోకుండా జవాబు కూడా నువ్వే చెప్పేస్తే వాళ్ళెందుకింక? నోరు మూసుకుని పది లెక్కపెట్టు" అనేది. మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపి తప్పు దిద్దితే మళ్ళీ జన్మలో నోరు విప్పడు, అయ్యాక చెప్పు అనేది. ఒక్క విషయంలో మాత్రం నిప్పులు కురిపించేది. చచ్చినా "అర్థమైందా?" అని అడక్కూడదు. "అర్థం కానివాడే ముందుగా తలూపుతాడమ్మా! చేసి చూపించమను, అప్పుడు బయటపడుతుంది బండారం."

అంతటి మనిషికి, ఈసారి క్లాసు అయిదో వారంలో ఉండగా, మొగుడు పోయాడు. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. పొద్దున్నే షాపు తాళాలు జేబులో వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతూ గుమ్మంలోనే ఒరిగిపోయాడు. టీచరమ్మ లోపల్నుంచి వచ్చేసరికే అయిపోయింది.

ఆవిడ ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, వెళ్ళేవాళ్ళకు గొడుగులు వెతికిచ్చింది. పాపం గుండె రాయి చేసుకుంది అన్నారు అయినవాళ్ళంతా. రాయీ లేదు, రప్పా లేదు. ఆవిడకేమీ తెలియడం లేదు, అంతే. ఒంటిమీద పోసుకుంటున్న నీళ్ళు వేడివో చల్లవో తెలిసేది కాదు. ఓ రోజు లిఫ్టు బాబాయి "ఆ చెయ్యేంటి టీచరమ్మా, బొబ్బలెక్కింది?" అంటే చూసుకుంది. పాలగిన్నె ఒట్టి చేత్తో దింపినట్టు అప్పుడు గుర్తొచ్చింది. చెల్లెలు రోజూ సాయంత్రం ఫోన్ చేసి "తిన్నావా అక్కా?" అనేది. "తిన్నానే" అనేది ఈవిడ. తిన్నదో లేదో మాత్రం ఆ దేవుడికే ఎరుక.

రెండు వారాల తర్వాత క్లాసుకొచ్చింది. ఈలోగా ఆఫీసువాళ్ళు ఇంకెవర్నీ పెట్టలేదు. క్యాలెండరు చూస్తే ఎనిమిదో వారం. ఆవిడ పుస్తకం తెరిచి, "ఆరూ ఏడూ మీరే చదువుకున్నారా? అర్థమయ్యాయా?" అంది.

చూశారా! ఏ మాట అనకూడదని ఇరవై రెండేళ్ళు నెత్తీ నోరూ బాదుకుందో, ఆ మాటే. పదకొండు మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడ మొహం చూస్తే ఎవరికి నోరొస్తుంది, కాలేదని చెప్పడానికి? "అయ్యాయి టీచరమ్మా" అన్నారు అంతా, ఒక్క గొంతుతో. ఆవిడ ఎనిమిదో పాఠం మొదలుపెట్టింది.

ఆ పదకొండు మందిలో ఇస్త్రీ వదిన ఒకతె. ఆస్పత్రి లాండ్రీలో పద్నాలుగేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిరికి ఊపిరితిత్తులు దెబ్బతిని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంకో ఏడాది అక్కడే ఉంటే మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పాడు. వార్డులో సహాయకురాలి పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఆవిరి లేని పని. దానికి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. నలభై అయిదు దాటితే తీసుకోరు, వదినకు వచ్చే నెలలో నిండుతాయి. ఇదొక్కటే అవకాశం, మరి లేదు. అందుకే పాపం దుప్పటి మడత పెడుతూ ఒక వాక్యం, ఇంకోటి మడత పెడుతూ ఇంకో వాక్యం వల్లించుకునేది. పక్కనున్నవాళ్ళు "ఏంటి వదినా, దుప్పట్లతో ఇంగ్లీషులో కబుర్లా?" అని ఆటపట్టించేవారు.

ఇంటర్వ్యూ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం, క్లాసు లేని వేళ, వదిన గదిలోకి వచ్చింది. టీచరమ్మ పేపర్లు దిద్దుతోంది.

"నాకు రాలేదండీ," అంది వదిన.

"అయ్యో," అంది టీచరమ్మ. అనాలి కాబట్టి అంది.

"అన్నీ చెప్పానండీ. పేరు చెప్పాను. మంచం మీదున్న మనిషిని ఎలా పక్కకి తిప్పాలో చెప్పాను, చేసి కూడా చూపించాను. వెరీ గుడ్ అన్నారు. ఆ కళ్ళజోడాయనైతే నవ్వాడు కూడా. ఎక్కడ చెడిందో నాకు అంతుబట్టడం లేదు."

"ఆఖర్న ఏమడిగారు?"

"యు డోంట్ మైండ్ నైట్ డ్యూటీ? అన్నాడు. రాత్రి డ్యూటీ అంటే అభ్యంతరం లేదు కదా అనే కదండీ? యెస్ అన్నాను. షూర్? అని మళ్ళీ అడిగాడు. యెస్, యెస్ అన్నాను గట్టిగా. ఆయన ఏదో రాసుకున్నాడు."

టీచరమ్మ చేతిలో ఎర్రపెన్ను ఆగిపోయింది. వదిన యెస్ అన్నది, అవునండీ, నాకు అభ్యంతరం లేదని. ఆయన రాసుకున్నది, అవును, నాకు అభ్యంతరమే అని. తెలుగువాళ్ళు ఎవరైనా చేసే తప్పు. అది చేయకుండా చూడ్డానికే ఒక పాఠం ఉంది. ఏటా చెబుతుంది. ఆరో వారంలో.

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఆలోచన ఆవిడకు రాకపోలేదు, వచ్చింది.

"తప్పు నాది వదినా," అంది. "యెస్ అనకూడదు అక్కడ. నో అనాలి. ఆ పాఠం నేను చెప్పలేదు. చదువుకున్నారా అని అడిగి వదిలేశాను."

వదిన మొహం కందగడ్డలా అయిపోయింది.

"మీ ఇంట్లో అంత కష్టం జరిగింది, నాకు తెలీదనుకోకండి. మీ మొహం చూసే మేమంతా అయ్యాయి అన్నాం. మీ మీద జాలిపడి అన్నాం! కానీ ఆ పోస్టు పోయింది నాకండీ. మీకు కాదు. ఇంకా ఆ ఆవిర్లోనే చావాల్సింది నేను!"

రెండు నెలలుగా ఎవరూ ఆవిడ మీద గొంతు పెంచలేదు. అందరూ పిల్లిలా నడిచారు, చెవిలో చెప్పినట్టు మాట్లాడారు. "ఆఫీసుకెళ్ళి చెబుతాను," అంది టీచరమ్మ.

"వేరే ఆవిణ్ణి నిన్ననే చేర్చుకున్నారు." వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. రొప్పు తగ్గేదాకా ఆగింది. "ఆ పాఠమేదో ఇప్పుడు చెప్పండి. నా నోటికాడ కూడు ఏ మాట లాగేసిందో నాకు తెలియాలి."

టీచరమ్మ లేచి బీరువాలోంచి మూతలేని అట్టపెట్టె తీసింది. అందులో ఒక దువ్వెన. దాన్ని వదినకు కనబడేలా పెట్టి, "దువ్వెన లేదు కదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నో," అంది వదిన. "ఉంది కదండీ."

"అదే మనకొచ్చే చిక్కు. మనం అడిగే మనిషి వంక చూసి జవాబు చెబుతాం. ఆయన అన్నది నిజమైతే అవునంటాం, కాకపోతే కాదంటాం. ఇంగ్లీషులో మనిషితో పని లేదు. పెట్టెలోకి చూడాలి. ఉంటే యెస్. లేకపోతే నో. వాడెలా అడిగినా సరే."

దువ్వెన తీసేసింది, పెట్టింది, తీసేసింది. నాలుగుసార్లు తప్పాక వదినకు దారి దొరికింది. గడియారం గురించి, గొడుగు గురించి, ఆదివారం గురించి అడిగితే టకటకా చెప్పేసింది. అంత తేలిక. అరగంట కూడా పట్టలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది, ఇద్దరూ పైకి అనలేదు.

"ఇప్పుడు నేనడుగుతాను, మీరు చెప్పండి," అంది వదిన. టీచరమ్మ క్లాసులో చివరికి అలాగే చేయిస్తుంది, అడగడం కూడా వాళ్ళకు రావాలని.

వదిన బోర్డు గురించి ఒకటి అడిగింది. వాన గురించి ఒకటి అడిగింది. టీచరమ్మ పేపర్లు సర్దుకుంటూనే సరిగ్గా చెప్పింది. మూడోది ఏమడగాలా అని వదిన వెతుక్కుంది. కడుపుమంట కొద్దీ అడిగిందో, బాగా నోటికొచ్చిన వాక్యం కదా అని అడిగిందో ఆమెకే తెలియాలి.

"యువర్ హస్బెండ్ ఈజ్ నాట్ ఎట్ హోమ్?"

మీ ఆయన ఇంట్లో లేరు కదా?

"యెస్," అంది టీచరమ్మ.

పేపర్లు సర్దడం అయిపోయింది. వదిన కదలకుండా ఆవిడ వంకే చూస్తోంది.

"తప్పండీ," అంది మెల్లగా. "ఉన్నాడని చెప్పారు మీరు."

ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఈ తప్పు ఒక్కసారి కూడా చేయలేదు.

"నో," అంది చివరికి. మళ్ళీ అంది. "నో. హి ఈజ్ నాట్."

అని బల్ల మీద తలపెట్టుకుని భోరుమంది. దిద్దిన పేపర్లన్నీ తడిసిపోయాయి, ఎర్రసిరా అంతా అలుక్కుపోయింది.

వదిన ఓదార్చలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. ఆవిడ ఏడుపు అయ్యేదాకా ఎదురుగా కూర్చుని, రెండున్నర కాగానే ఇస్త్రీ డ్యూటీకి వెళ్ళింది.