కురచ కొమ్ముకు రెండంగుళాలు

1999 ఏప్రిల్ నాటికి నేను అనంతపురం శివార్లలో ఒక బస్ బాడీ బిల్డింగ్ షెడ్డులో పెయింటింగ్ సెక్షన్ ఫోర్‌మన్‌ని. హెల్పర్‌గా చేరి, పుట్టీ పని నేర్చి, పెయింటరై, ఆ మెట్టు ఎక్కడానికి పదహారేళ్లు పట్టింది. మా నాయనకు కదిరిలో బెల్లం కొట్టు ఉండేది. కొట్టు మా అన్నకు పోయింది, బేరం మాత్రం నాకు మిగిలింది. షెడ్డులో ధరలన్నీ యజమాని చేతిలో ఉండేవి కాబట్టి నా బేరమంతా రోజుల మీదే సాగేది. రెండు రోజుల పనికి ఐదు రోజులు చెప్పి, మూడో రోజున ఇచ్చేసి, పెద్ద ఉపకారం చేసినవాడిలా నిలబడేవాణ్ణి.

ఒక మంగళవారం పద్మావతి అనే ఆమె దుప్పట్లో చుట్టిన వస్తువొకటి తెచ్చింది. ఆమెకు మడకశిరలో టైలరింగ్ షాపు ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తుంది. దుప్పటి విప్పితే నల్లటి ఎలక్ట్రిక్ గిటార్. అంతకుముందు నేను చూసిన గిటార్లన్నీ ఒంపులు తిరిగి గుండ్రంగా ఉండేవి. దీనికి మాత్రం వెనకవైపు బాణం తోకలా రెండు కొమ్ములు. పై కొమ్ము స్టేజీ మీద స్పీకర్ పెట్టెకు కొట్టుకుని, కొన దగ్గర రంగు పెచ్చు లేచి, గోరంత చెక్క ఊడిపోయింది.

ఆ శనివారం సాయంత్రం కదిరిలో రిసెప్షన్ ఉందట. ఇన్నేళ్లూ ఆమెను వెనక వరుసలో కూర్చోబెట్టిన ఆర్కెస్ట్రా యజమాని, ఆమె ఈ గిటార్ కొన్నాక, మొదటిసారి ముందు నిలబడి వాయించే పాటలు ఐదు ఇచ్చాడు. పెచ్చులూడిన గిటార్‌తో వస్తే మళ్లీ వెనక్కే పొమ్మన్నాడు.

“ఎన్ని దినాలు పడతాది అన్నా?”

“వారం.”

“గోరంత పెచ్చుకు వారమా? జాకెట్టుకు నేనూ ఇట్లే చెప్తా, నాకు తెలీదా. శనివారం మధ్యాన్నం వస్తా. దీని పెట్టె ఆర్కెస్ట్రా వ్యాన్‌లో ఉండాది, దాన్నీ తెస్తా.”

నేను ఆదివారం అనేలోపే ఆమె ఆటో ఎక్కేసింది.

పని కష్టమైనది కాదు. తీగలు వదులు చేసి, ఇనుప భాగాలకు కాగితం, టేపు అంటించాను. ఊగుతున్న పెచ్చుల్ని బ్లేడుతో గీకి, ఊడిన చోట బంకలో కలిపిన చెక్కపొట్టు కూరాను. ఆరాక సాండ్ పేపర్ పట్టాను. బస్సు రేకుకైతే నీళ్లు పోస్తూ రుద్దుతాం, ఇది చెక్క కాబట్టి పొడిగానే రుద్దాను. దాని మీద ప్రైమర్, ఆపైన పలచగా మూడు కోట్లు నలుపు, చివర మెరుగు. గురువారానికల్లా దెబ్బ ఎక్కడ తగిలిందో నాకే కనపడలేదు. అక్కడ ఆపి ఉంటే ఈ సంగతి రాయవలసిన పని ఉండేది కాదు.

బాడీ పనిలో ఒక సూత్రం ఉంది: దెబ్బ తగిలిన వైపుకు, తగలని వైపే కొలత. ఎడమ మడ్‌గార్డు నొక్కుకుపోతే, కుడిదాని మీద అట్ట పెట్టి గీసి, ఆ అట్టను తిప్పి ఎడమకు పట్టి చూస్తాం. ఆ అట్టను ఫర్మా అంటారు. అలవాటు కొద్దీ, నేను బాగుచేసిన కొన సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని, పై కొమ్ముకు ఫర్మా తీసి కింది కొమ్ముకు పట్టాను. కింది కొమ్ము రెండంగుళాలు కురచ. ఎప్పుడో విరిగితే ఎవడో పనిదొంగ దాన్ని నున్నగా చేసి, రంగేసి చేతులు దులుపుకున్నాడని తేల్చేశాను.

షెడ్డు వడ్రంగి పీరయ్యను పిలిచి టేకు ముక్క అతకమన్నాను.

“ఆయమ్మ చెప్పిందా సామీ?”

“గమనించి ఉండదులే.”

“దినామూ మెడకు తగిలించుకునే వస్తువు. గమనించదా?”

కొలతలు నువ్వు చూడు, మనుషుల్ని నేను చూసుకుంటానన్నాను. నా లోపలి ఆలోచన వేరే. అడగని పని చేసి చూపిస్తే ఆమె మొహమాటపడుతుంది, ఆ మొహమాటంతో ఆర్కెస్ట్రా వ్యాను పెయింటింగ్ మా షెడ్డుకు వస్తుంది. పీరయ్య రెండు చెక్క మేకులు దిగగొట్టి, బంకతో ముక్క అతికాడు. శుక్రవారానికి రెండు కొమ్ములూ కవలపిల్లల్లా ఉన్నాయి.

శనివారం పన్నెండింటికి పద్మావతి పెట్టెతో వచ్చింది. పై కొమ్ము కొనను వేలితో తడిమి, “దెబ్బ యాడ తగిలిందో తెలీకుండా చేసినావన్నా” అంది. గిటార్‌ను పెట్టెలో పెట్టబోతే మూత పడలేదు.

“పెట్టె ఎండకు వంగినట్టుండాది. నాలుగు దినాలియ్యి, దాన్నీ సరి చేస్తా” అన్నాను నేను.

పీరయ్య దగ్గాడు. ఆమె వంగి చూసింది.

“ఏమప్పా, ఇది పెరిగిందేంది?”

విరిగిన కొమ్మును ఎంత ఒద్దికగా నిలబెట్టానో వివరించాను. ఆమె చివరిదాకా విని, “అది విరగలేదన్నా, పుట్టడమే అట్ల పుట్టింది. ఒకటి పొడుగు, ఒకటి కురచ. దాని సోకే అది” అంది. పెట్టె లోపల ఎర్ర మఖమల్ గుంట కూడా ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క కురచగా ఉంది. అసలు ఫర్మా ఆ పెట్టె.

గిటార్ మెడకు తగిలించుకుని నాలుగడుగులు వేసి చూసింది. “తొడకు గుచ్చుతాంది. దీంతో ముందర నిలబడి ఎట్ల వాయించేది?” అని ఖాళీ రంగు డ్రమ్ము మీద కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చేతి గడియారం చూసుకుని, “మూడింటికి వ్యాను. ఎంతసేపు పడతాది?” అంది.

“రెండు గంటలు” అన్నాను. జీవితంలో రెట్టింపు చేయకుండా చెప్పిన మొదటి లెక్క అది.

పీరయ్య అతుకు గీత మీద రంపం పెట్టాడు. లోపలి మేకులు కూడా అక్కడికే తెగి, రంధ్రాల్ని నింపుకుని ఉండిపోయాయి. పెట్టెలో పెట్టి చూస్తే మూత టక్కున పడింది. అనంతపురం ఎండకు రంగు పావుగంటలో ఆరుతుంది, భయమంతా దుమ్ముతోనే. స్ప్రే కొట్టే ముందు నేల తడపాలి, ఆ రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. తాగడానికి ఉంచుకున్న రెండు బిందెలూ నేల మీద చల్లేశాం. రెండు కోట్లు పడ్డాయి. కొన పూర్తిగా గట్టిపడలేదని, పెట్టె మూత తెరిచే ఒళ్లో పెట్టుకుని పొమ్మన్నాను.

“అతికిన కూలీ ఎంత, కోసిన కూలీ ఎంత?” అని అడిగింది పోతూ పోతూ.

“పెచ్చుకు మాత్రం ఇయ్యి.”

“బేరం లేదా?”

“ఈపొద్దుకు అయిపోయిందిలేమ్మా.”

ఆమె ఐదు పాటలూ ముందు నిలబడే వాయించింది. ఈ మాట పక్షం రోజుల తర్వాత వ్యానుకు రంగు వేయించడానికి వచ్చిన ఆర్కెస్ట్రా యజమానే చెప్పాడు. పీరయ్య ఆయన్ను పక్కకు పిలిచి, “వ్యానుకు రెండు పక్కలా ఒకే కొలతనా అన్నా? ముందే చెప్పేయి” అన్నాడు.

ఆ తర్వాత మా సెక్షన్ జాబ్ కార్డులో నేనొక గడి పెంచాను: దెబ్బ తగలకముందు వస్తువు ఎలా ఉండేది, తెచ్చినవాళ్ల మాటల్లో. రిటైరయ్యేదాకా ఆ గడి నింపకుండా ఏ పనీ మొదలుపెట్టనివ్వలేదు. తగలని వైపే కొలత అన్న సూత్రం తప్పు కాదు, కానీ ముందు మనిషిని అడిగాకే ఫర్మా పట్టాలి. బస్సుకు కూడా తలుపు ఒక వైపే ఉంటుంది. పదహారేళ్లు బస్సులకు రంగులేసిన నాకు ఆ గురువారం అది తట్టలేదు.